వానకోటు లోపలి వాన

హైదరాబాదు పాతబస్తీలో పురానీ హవేలీ అనే రాజభవనం ఒకటి ఉన్నది. అందులో నివసించిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు (1866–1911) రెండు విషయాలలో గొప్ప పేరు. ఒకటి దుస్తులు, రెండవది పులివేట. ఆయన దుస్తులు దాచటానికి ఆ భవనంలో ఒక పక్క భాగం పొడవునా బీరువాలు కట్టించారు. అవి రెండు అంతస్తులు. పై అంతస్తుకు పోవటానికి చేతితో తిప్పే కొయ్య లిఫ్టు కూడా ఉన్నది. ఆయన ఒకసారి తొడిగిన దుస్తు మళ్ళీ తొడిగేవాడు కాదని జనం చెప్పుకునేవారు. ఇక వేట సంగతికి వస్తే, ముప్పై పులులను కొట్టినవాడని ఆయనను ‘తీస్‌మార్‌ఖాన్’ అనేవారట. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ తీసిన వేట విడుదుల ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి.

పిల్లలూ, ఇక్కడ మనకొక ప్రశ్న. అన్ని బీరువాలున్న ఆ వేటగాడి దగ్గర, జోరువానలో అడవిలో రోజంతా నడిచినా ఒంటిని పొడిగా ఉంచే దుస్తు ఒక్కటైనా ఉండేదా?

ఉండటానికి వీలులేదు. అటువంటి బట్ట ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడా లేదు. అందుకని వేటగాళ్ళు తెలివైన పని ఒకటి చేసేవారు. పులివేటను చాలామటుకు వానలు లేని కాలంలోనే పెట్టుకునేవారు. ఎండాకాలంలో అడవిలోని మడుగులు ఎండిపోతాయి. మిగిలిన కొద్ది నీటి దగ్గరికి పులి తప్పకుండా రావాలి. అప్పుడు దాన్ని పట్టుకోవటమూ సులువే, ఒళ్ళు తడిసే బాధా ఉండదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పులివేట నేరమయింది. ఈనాడు తుపాకి పట్టిన వేటగాడికి బదులు పులిని కాపాడే అటవీ ఉద్యోగులు నల్లమలలోని అమ్రాబాదులోనూ, గోదావరికి ఉత్తరాన ఉన్న కవ్వాల్‌లోనూ అడవి తిరుగుతున్నారు. వారికి వానలు లేని కాలం చూసుకుని తిరిగే వీలు లేదు. ఊళ్ళో కూడా అంతే. మృగశిర కార్తె దాటి వానలు పట్టుకుంటే చార్మినారు, పత్తర్‌గట్టి వీధుల్లో మోటారు సైకిళ్ళ మీద సరుకులు చేరవేసే వారు వాన ఆగేదాకా కూచోలేరు. వారి ఇళ్ళలో ప్రతి ఏడూ ఒక చర్చ నడుస్తుంది. మామూలు ప్లాస్టిక్ కోటు కొనటమా? లేక, “నీరు లోపలికి రాదు, చెమట ఆవిరి బయటికి పోతుంది” అని చెప్పి వేల రూపాయలకు అమ్మే కొత్తరకం కోటు కొనటమా? కష్టపడి సంపాదించిన డబ్బు గనక ఈ ప్రశ్నకు సరి అయిన జవాబు కావాలి.

ముందుగా అసలు చిక్కు ఏమిటో చూద్దాం. ఒక పాలిథిన్ సంచిలో మీ చెయ్యి పెట్టి, మణికట్టు దగ్గర వదులుగా పట్టుకుని పది నిమిషాలు కూచోండి. సంచి మీద ఒక్క చుక్క నీరు పడకపోయినా లోపల చెయ్యి చెమ్మగా అవుతుంది. ఆ తడి మీ ఒంటిదే. మన చర్మం నుంచి ఎప్పుడూ నీరు ఆవిరి రూపంలో పోతూనే ఉంటుంది. ఒళ్ళు వంచి పనిచేసే మనిషి గంటకు ఒక లీటరు దాకా చెమట కార్చగలడు. పోవటానికి దారి లేకపోతే ఆ చెమట అంతా చొక్కాలోనే నిలుస్తుంది. అంటే కోటు తొడిగినవాడికి శత్రువులు ఇద్దరన్నమాట: బయట వాన, లోపల చెమట. ఒకరికి తలుపు మూస్తే రెండోవాడు లోపలే చిక్కుకుంటాడు.

ఈ తడి వల్ల ఒక అపాయం కూడా ఉన్నది. నీరు గాలికంటె దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగుతుంది. గుట్ట ఎక్కి చెమటతో తడిసిన మనిషి రాత్రి ఒకచోట కదలకుండా కాపలా కూచుంటే, ఆ తడి చొక్కా అతని ఒంట్లోని వేడిని తోడేస్తుంది. మోటారు సైకిలు మీద గాలి కొట్టినా ఇంతే. వణుకు వచ్చిన చేతికి బ్రేకు సరిగా అందదు. అందుచేత పొడిగా ఉండటం కేవలం సుఖం కోసం కాదు.

మొదటి శత్రువును జయించినవాడు స్కాట్లండులోని చార్లెస్ మాకింటాష్. బొగ్గునుంచి గ్యాసు తీసేటప్పుడు మిగిలే తారులో నుంచి వచ్చే నాఫ్తా అనే నూనెలో ఆయన రబ్బరును కరిగించాడు. దానిని రెండు బట్టల మధ్య పూసి అంటించాడు. 1823లో దానికి పేటెంటు పొందాడు. వాననీరు చొరటం ఆగిపోయింది. కాని ఆ తొలి కోట్లు ఎండకు జిగురుగా మారేవి, చలికి చెక్కలాగా బిగిసేవి. రబ్బరును గంధకంతో ఉడికించే పద్ధతి వచ్చాక ఆ లోపం పోయింది. చెమట సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. 1879లో ఇంగ్లండులో థామస్ బర్బెరీ గాబర్డీన్ అనే దట్టమైన నేత బట్ట తయారు చేశాడు. అందులోనుంచి ఆవిరి పోయేది. అయితే పెద్ద వాన చాలాసేపు కురిస్తే అది తడిసిపోయేది. మహబూబ్ అలీఖాన్ రోజుల్లో లోకంలో దొరికినవి ఇలాంటివే. ఒకటి వానను ఆపితే, మరొకటి చెమటను పోనిచ్చేది.

రెండు పనులూ ఒకే బట్ట చేయటానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక గ్యాసుతో పరిశోధన చేస్తుంటే, సిలిండరు లోపల తెల్లని మైనంలాంటి పొడి తయారయింది. దానికి ఏదీ అంటుకోదు. ఈనాడు మీ అమ్మగారు దోసెలు వేసే నాన్‌స్టిక్ పెనానికి పూసేది ఈ జాతి పదార్థమే. 1969లో బాబ్ గోర్ అనే ఆయన ఈ పదార్థపు కడ్డీని వేడిచేసి మెల్లగా సాగదీస్తూ ఉంటే అది తెగిపోతూ వచ్చింది. విసుగెత్తి ఒక్కసారి గట్టిగా లాగాడు. తెగుతుందనుకున్న కడ్డీ దాదాపు పది రెట్లు సాగింది! లోపల లెక్కలేనన్ని సన్నని రంధ్రాలు ఏర్పడ్డాయి. దీనిని పలుచని పొరగా చేసి, బట్టకు అంటించి కోట్లు కుట్టారు. గోర్‌టెక్స్ అనే పేరుతో ఇటువంటి బట్ట 1976 నుంచి అమ్మకానికి వచ్చింది. తరవాత ఇంకా ఎన్నో రకాలు వచ్చాయి.

రంధ్రాలున్న బట్టలోనుంచి నీరెందుకు కారదని మీరు అడగవచ్చు. తామరాకును తలచుకోండి. నీటిబొట్టు దాని మీద ముత్యంలాగా దొర్లుతుందే గాని అంటదు. ఈ పొర కూడా నీటిని దగ్గరికి రానియ్యదు. వానచినుకుతో పోలిస్తే ఆ రంధ్రం కొన్ని వేల రెట్లు చిన్నది. నీరు తన బిగువు వల్ల ఉండకట్టుకుని, అంత సన్నని రంధ్రంలో దూరలేక పైనే నిలుస్తుంది. ఆవిరి అలా కాదు. అందులో నీటి అణువులు విడివిడిగా తిరుగుతుంటాయి. వాటికి ఆ రంధ్రం పెద్ద కోట తలుపు వంటిది.

ఇంతవరకూ అమ్మేవారు చెప్పింది నిజమే. అయితే తలుపు తీసి ఉన్నంత మాత్రాన లోపలివాళ్ళు బయటికి పోతారా? బయట చోటుండాలి కదా!

ఈ సంగతి మన ఇంట్లోని మట్టికుండ చక్కగా చెబుతుంది. నీరు కుండ గోడలోని సన్నని రంధ్రాలలో ఊరి, పైకి వచ్చి ఆవిరైపోతుంది. పోతూ పోతూ వేడిని పట్టుకుపోతుంది. అందుకే వేసవిలో కుండనీరు చల్లగా ఉంటుంది. అదే కుండ ముసురు పట్టిన శ్రావణంలో అంత చల్లబరచదు. కుండ మారలేదు, రంధ్రాలు పూడలేదు. బయటి గాలి అప్పటికే తేమతో నిండిపోయి, కొత్త ఆవిరికి చోటు ఇవ్వటం లేదు.

కోటుకూ ఇదే లెక్క. చెమట పట్టిన ఒంటిని ఆనుకుని 35 డిగ్రీల వేడిలో ఉన్న గాలి ఒక ఘనమీటరుకు 40 గ్రాముల దాకా నీటి ఆవిరిని పట్టుకోగలదు. మంచు కురిసే చలిదేశంలో, 0 డిగ్రీల దగ్గర, బయటి గాలిలో ఎంత తేమ ఉన్నా 5 గ్రాములు మించదు. లోపల 40, బయట 5, తేడా 35. ఆవిరి పరుగున బయటికి పోతుంది. మన ఊళ్ళో ముసురు రోజున 25 డిగ్రీల వేడి, నూటికి 90 వంతుల తేమ ఉన్నదనుకోండి. అప్పుడు బయటి గాలిలోనే 21 గ్రాముల దాకా ఆవిరి ఉంటుంది. తేడా 19 మాత్రమే. అంటే చలిదేశంలో పనిచేసే దానిలో ఇంచుమించు సగం! కోటు అదే, కుట్టినవాడు అతడే. ఊరు మారితే ఫలితం మారింది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఈ కోట్ల పైబట్టకు నీరు అంటకుండా ఒక మందు పూస్తారు. కొత్తలో చినుకులు ముత్యాలై జారిపోతాయి. దుమ్ము, జిడ్డు, భుజాన సంచి రాపిడి తగిలి ఆ పూత అరిగిపోతే పైబట్ట నీరు పీల్చుకుంటుంది. నీటితో నిండిన ఆ బట్ట లోపలి పొరకు మూత వేసినట్టవుతుంది. చెమట బయటికి పోక లోపల చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. తొడిగినవాడు “కోటు కారుతున్నది” అనుకుంటాడు. నిజానికి వాన చొరలేదు, కురిసింది లోపలి వాన. కోటును మురికి లేకుండా ఉతికి, దాని చీటీ మీద రాసిన ప్రకారం సన్నని వేడి చూపిస్తే ఆ పూత చాలావరకు మళ్ళీ పనిచేస్తుంది. ఇటువంటి పూతలకూ పొరలకూ చాలాకాలం వాడిన కొన్ని రసాయనాలు మట్టిలోనూ నీటిలోనూ ఎంతకాలమైనా నశించవని తేలింది. అందుచేత తయారీదారులు చాలామంది వాటిని మానుకుంటున్నారు.

కర్మాగారాలు లేని రోజుల్లో మన తెలంగాణ గొర్రెలకాపరి ఏం చేశాడో ఇప్పుడు వినండి. వాన వస్తే అతను నల్లని గొంగడిని మడిచి తలమీదినుంచి కొప్పెరగా కప్పుకునేవాడు. దక్కనీ గొర్రెల ఉన్ని వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి బిగువు తెచ్చిన గొంగడి అది. కురుమలు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని ఇది. ఉన్ని వెంట్రుక పైభాగం నీటిబొట్టును తోసేస్తుంది. లోపలిభాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో ఇంచుమించు మూడోవంతు తేమ పీల్చినా ముట్టుకుంటే తడిగా తోచదు. పైగా అలా పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి పుట్టిస్తుంది. అందువల్ల గొంగడి చెమ్మగిల్లినా కాపరికి వెచ్చగానే ఉంటుంది. దానికీ లోపం లేకపోలేదు. జడివాన విడవకుండా కురిస్తే గొంగడి నీరు పట్టి మోయలేనంత బరువెక్కుతుంది. ఆరటానికీ చాలాసేపు పడుతుంది.

ఇన్ని చూశాక మన ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. కొత్తరకం కోటు మోసం కాదు, మాయా కాదు. వానను అది నిజంగానే ఆపుతుంది. చెమటను మాత్రం బయటి గాలి ఒప్పుకున్నంతవరకే పంపుతుంది. చలికొండల్లో మెల్లగా నడిచేవారికి దాని విలువ దక్కుతుంది. హైదరాబాదు ముసురులో మోటారు సైకిలు నడిపే నాన్నగారికి, చంకల కింద, వీపు మీద గాలి తలుపులున్న వదులైన మామూలు కోటు చాలావరకు సరిపోతుంది. మిగిలిన డబ్బుతో మంచి టైరు కొనవచ్చు. పాలిథిన్ సంచిలో ఒక పొడి చొక్కా వెంట ఉంచుకుంటే ఇంకా మంచిది. అడవిలో రాత్రి కాపలా ఉండేవారికి కోటు ఎంత ముఖ్యమో, మార్చుకోవటానికి పొడి బట్టలు అంత ముఖ్యం. గుట్ట ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే కోటు గుండీలు విప్పి, ఆగగానే మళ్ళీ పెట్టుకోవాలి.

బడికి నడిచిపోయే మీకు మాత్రం గొడుగును మించినది లేదు. వాన పైన ఆగిపోతుంది. చుట్టూ నాలుగు వైపులా గాలి ఆడుతుంది. తాటాకు గిడుగులు పెట్టుకుని నాట్లు వేసిన మన పల్లెటూరి పెద్దలకు ఈ సంగతి ఏనాడో తెలుసు.

కావలిస్తే మీరే పరీక్ష చేసి చూడండి. రెండు స్టీలు గ్లాసుల్లో పెద్దవారి చేత సగం దాకా వేడినీళ్ళు పోయించండి. ఒకదాని మూతికి పాలిథిన్ కాగితమూ, రెండవదానికి పలుచని నూలుబట్టా కట్టండి. ఒక్కొక్క గ్లాసుపైన బెత్తెడు ఎత్తున చల్లని స్టీలు పళ్ళెం కాసేపు పట్టుకోండి. ఏ పళ్ళేనికి చెమ్మ పట్టిందో, ఏ కాగితం అడుగున బొట్లు చేరాయో చూడండి. చూసింది పుస్తకంలో రాసుకుని, ఇంట్లో వానకోటు కొనే మాట వచ్చిన రోజున అమ్మకూ నాన్నకూ చూపించండి.