బడిని తూచే తక్కెడ

సంతకు శెనగకాయలు తీసుకుపోయిన రైతు మూట దించకముందే తక్కెడ వైపు చూస్తాడు. రాయి సరియైనదేనా, ముల్లు నిలకడగా ఉన్నదా అని చూచుకొన్న తరువాతనే బేరానికి దిగుతాడు. మన పిల్లలు చదివే బడుల విషయంలో మాత్రం మనకీ జాగ్రత్త తక్కువ. ఫలానా బడికి ఇన్ని మార్కులు, ఫలానా జిల్లాకు ఇన్నో స్థానం అని పత్రికలో చూడగానే ఇది మంచి బడి, అది చెడ్డ బడి అని తీర్పు చెప్పివేస్తాము. ఆ తీర్పు తూచిన తక్కెడ ఎటువంటిదో ఈ నెల కొంచెం ఆలోచించి చూతము.

పాతపాళ్య సంగతే తీసుకొందాము. బాగేపల్లి, చేళూరు, చింతామణి ప్రాంతాలలో చాలా ఇండ్లలో మాట తెలుగు. ఈ సీమ 2007 వరకు కోలారు జిల్లాలో ఉండి, ఆ యేట చిక్కబళ్ళాపుర జిల్లాలోకి వచ్చినది. సర్కారు బడిలో చదువు ప్రధానంగా కన్నడంలో. ఇంట్లో పాలు బడిలో హాలు అవుతుంది, ఇంటి వాన బడిలో మళె అవుతుంది. తరతరాలుగా రెండు భాషలతో కాపురం చేస్తున్న పెద్దలకు ఇదొక లెక్క కాదు. ఆరో తరగతి పిల్లకు మాత్రం పరీక్ష కాగితం ముందు కూర్చున్నప్పుడు ఇది పెద్ద లెక్కే.

ఆ కాగితంలో ఒక ప్రశ్న ఉన్నదనుకొందాము. రైతు దగ్గర 250 మూటలున్నవి, 175 అమ్మినాడు, "ఉళిదద్దు ఎష్టు?" అని. పిల్లకు తీసివేత వచ్చును. "మిగిలిందెంత?" అని అడిగితే నోటితోనే 75 అని చెప్పగలదు. కాని ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయి, రెండు అంకెలనూ కూడి పెట్టింది. సున్న పడింది. ఆ సున్న లెక్కల కింద చేరింది, తప్పు జరిగింది భాషలో. ఇటువంటి సున్నలన్నీ కలిపి ఆఖరున బడి ఖాతాలో వ్రాస్తారు. పిల్లకు లెక్కలు రావనీ, మేష్టరుకు చెప్పడం రాదనీ ఊరు అనుకొంటుంది. ఇందులో ఏదీ నిజం కాదు.

ఇక పరీక్షలు ఎన్ని రకాలో చూడండి. దేశమంతటా జరిపే జాతీయ సాధన సర్వే 2017లోను, 2021 నవంబరు 12న జరిగినది. రెండవసారి 3, 5, 8, 10 తరగతుల పిల్లలు సుమారు 34 లక్షల మంది వ్రాసినారు. 2024 డిసెంబరు 4న పరఖ్ పేరుతో 3, 6, 9 తరగతులకు జరిగినది. ఇవి అన్ని బడులలోను జరిపేవి కావు. జిల్లా స్థితి తెలిసేటందుకు కొన్ని బడులను, వాటిలో కొందరు పిల్లలను ఎన్నుకొని చూచేవి. అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టి చూచినట్లు. ఆ మెతుకులు జిల్లా కుండలోనివి. దానినిబట్టి పాతపాళ్యలో ఒకానొక బడి ఎట్లున్నదని చెప్పబోవడం పొరపాటు.

కర్ణాటక ప్రభుత్వం 2023 మార్చిలో 5, 8 తరగతులకు రాష్ట్రమంతటా ఒకే ప్రశ్నపత్రంతో పరీక్ష జరిపించినది. మరుసటి యేడు 9, 11 తరగతులను కూడా చేర్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి ఇది పొసగదని కొందరు కోర్టుకు వెళ్ళినారు. హైకోర్టులో ఒకసారి కొట్టివేత, మరొకసారి అనుమతి. చివరకు 2024 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఫలితాలను నిలిపివేసినది. ఈలోగా పిల్లలు పరీక్ష ఉన్నదో లేదో తెలియక పుస్తకం తెరుస్తూ మూస్తూ గడిపినారు.

చిన్న బడి విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఎనిమిదో తరగతిలో 12 మంది ఉన్నారనుకోండి. సగటు 48 మార్కులు. ఇరవయ్యేసి మార్కులు వచ్చే ఇద్దరు పిల్లలు ఆ రోజు గొర్రెలు కాయబోయి బడికి రాలేదు. మిగిలిన పదిమంది సగటు 53.6 అవుతుంది. ఎవరూ ఒక్క అక్షరం కొత్తగా నేర్చుకోలేదు, అయినా బడికి మంచిపేరు వచ్చినది. ఈ లెక్క తెలిసినచోట వెనుకబడిన పిల్లవాడు ఆ రోజు రాకుంటేనే మేలనే ఆలోచన పుట్టకమానదు.

ఇది ఊహ మాత్రమే కాదు. ఇంగ్లండులో 1862లో పిల్లల పరీక్ష ఫలితాన్నిబట్టి బడికి డబ్బిచ్చే పద్ధతి పెట్టినారు. పిల్లలకు పరీక్షలో వచ్చేదే చెప్పి మిగతా చదువు మూలపడవేస్తున్నారని, బడుల ఇన్‌స్పెక్టరుగా ఉన్న కవి మాథ్యూ ఆర్నాల్డు గట్టిగా ఆక్షేపించినాడు. అమెరికాలో 2002 చట్టం మార్కులను బట్టి బడులకు బహుమతి, శిక్ష పెట్టినది. తరువాత అట్లాంటా నగరంలో ఉపాధ్యాయులే జవాబులు దిద్దిన సంగతి 2011లో బయటపడి, 2015లో పదకొండు మందికి కోర్టులో నేరం రుజువైనది. మన ఇంటి సంగతీ చూడండి. 2020లో పదో తరగతి ఫలితాలలో చిక్కబళ్ళాపుర జిల్లా రాష్ట్రంలోనే మొదటిదిగా నిలిచినది, మనమంతా సంతోషించినాము. 2024లో పరీక్ష గదులలో కెమెరాలు పెట్టగానే రాష్ట్రంలో ఉత్తీర్ణులు అంతకుముందటి యేటి 83.89 శాతం నుండి 73.40కి పడినారు. అదీ అదనపు మార్కులు కలిపిన తరువాత. ఒక్క యేటిలో పిల్లల తెలివి అంత తగ్గిపోదు గదా.

అయితే పరీక్షలే వద్దందామా? మేమట్లా అనము. పరీక్ష లేనిచోట నష్టపడేది పేదవాని బిడ్డే. ఏడో తరగతికి వచ్చినా రెండో తరగతి పుస్తకం చదవలేని పిల్లలు పల్లెలలో ఎందరో ఉన్నారని, 2005 నుండి ఇంటింటికీ వెళ్ళి చూస్తున్న అసర్ సర్వే వల్లనే దేశానికి తెలిసినది. కలిగినవారి బిడ్డ వెనుకబడితే ట్యూషను పెడతారు. కూలివాని బిడ్డ వెనుకబడిన సంగతి ఎవరో ఒకరు కొలిచి చెప్పకపోతే ఆ తల్లికి తెలిసేదెట్లా?

కనుక కొలవవలసినదే. కొలిచే తీరు మారవలెను. బడి తెరచిన నెలలో ఒకసారి, మూసే నెలలో ఒకసారి అదే పిల్లలను చూడాలి. 80 నుండి 82కు పోయిన బడికంటె, 35 నుండి 50కి వచ్చిన బడిలో ఎక్కువ పని జరిగినదని గ్రహించాలి. లెక్కల ప్రశ్నను ఒకసారి ఇంటి భాషలో నోటితో అడిగి చూడాలి. అప్పుడు లోపం లెక్కలోనిదో, మాటలోనిదో తేలుతుంది. పరీక్ష రోజు రానివారెందరో సగటు పక్కనే వ్రాయాలి. పిల్లల పేర్లు గోడకెక్కించకుండా, ఎవరి ఫలితం వారి తల్లిదండ్రులకే కూర్చోబెట్టి చెప్పాలి.

పట్నాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఒక మనవి. పండుగకో, పెళ్ళికో సొంత ఊరికి పోయినప్పుడు ఒక పూట బడి వైపు వెళ్ళండి. ఈ యేడు ఎన్ని మార్కులని మేష్టరును అడగవద్దు. జూన్‌లో చదవలేనివారెందరు, ఇప్పుడు చదువుతున్నవారెందరు అని అడగండి. ఒక పిల్లను దగ్గరకు పిలిచి, "మిగిలిందెంత తల్లీ?" అని మన మాటలో ఒక లెక్క వేయండి. ఆమె చెప్పే జవాబు ఏ పత్రికలోను పడదు గాని, ఆ బడి సంగతి కొంత తెలుస్తుంది.