యాభై దాటితే ఈల

బతుకమ్మకి ఇంకా పది రోజులుందనగా ఇంటికెళ్ళాను. మా చిన్నాయన క్వాలిస్‌లో కూర్చుంటే వెనక నుంచి సన్నగా ఒకటే ఈల. మాది శంషాబాద్ పక్కన పాల్మాకుల. తల మీద విమానాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి మొదట అదే అనుకున్నా. విమానం వెళ్ళిపోయింది, ఈల మాత్రం మాతోపాటే వస్తోంది.

చిన్నాయన బంతి, చామంతి పండిస్తాడు. వెనక సీట్లు పీకేసిన ఆ బండిలోనే తెల్లవారుజామున మూడింటికి పూల మూటలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోతాయి. ఏడాది మొత్తం మీద నాలుగు డబ్బులు మిగిలేది ఈ పండగ రోజుల్లోనే. ఒక షెడ్డులో చూపిస్తే "క్రౌన్ పోయింది, సెట్టు మొత్తం మార్చాలి" అన్నారట.

"బండికొచ్చే ధరల సగం దానికే అయితదంటున్నడు రా. పాత సామానోనికి అమ్మేద్దామా?" అన్నాడు. ఆ వెంటనే, "నువ్వు మెకానికలే సదువుతున్నవ్ గదా, ఏమన్న తెలుస్తదా?"

నేను బెవెల్ గేర్ బొమ్మ గీశాను గానీ చేత్తో ముట్టుకున్నది లేదు. ఆ మాట చిన్నాయనతో అనలేదు.

మనలో చాలామందికి ఇంట్లో ఉండేవి ముందు చక్రాలు లాగే కార్లే. వాటిల్లో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్ లోపలే కలిసి ఉంటుంది. అంబాసిడర్, ఓమ్ని, సుమో, క్వాలిస్ లాంటివి వెనక చక్రాలతో నడిచేవి. ఇంజిన్ ముందు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బండి కింద, వెనక ఇరుసు మధ్యలో ఇనప గుండు లాంటి హౌసింగ్. దాని లోపల చిన్న పినియన్ వెళ్ళి పెద్ద క్రౌన్ వీల్‌ని తిప్పుతుంది. మూల తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదా, ఆ సర్దుబాటు చేసే చిన్న గేర్లు కూడా క్రౌన్‌తో పాటే ఉంటాయి. మెకానిక్కులు ఈ మొత్తాన్నీ "క్రౌన్" అనేస్తారు. అందుకే "క్రౌన్ పోయింది" అన్నప్పుడు లోపల ఏది పోయిందో అడగాలి.

ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు ఎక్కాం. ఔటర్ మీద మాత్రం ఇలాంటి ప్రయోగాలు చేయకండి, అక్కడ బండి నెమ్మది చేయడమే ప్రమాదం. చిన్నాయన డ్రైవింగ్, నేను వెనక పూల వాసన మధ్య ఫోన్ పట్టుకుని. ఫోన్‌లో ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా ఉందో చూపించే ఉచిత యాప్ ఒకటి.

ముందు లెక్క వేసుకున్నా. చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి 16.7 మీటర్లు, అంటే చక్రం సెకనుకి 8.3 సార్లు తిరుగుతుంది. క్రౌన్‌కి 41 పళ్ళు అనుకుంటే సెకనుకి 340 పళ్ళు పినియన్‌ని తాకుతాయి. అంటే 340 హెర్ట్జ్. అదే 50లో 285, 70లో 400 దగ్గర రావాలి. స్క్రీన్ మీద గీత దాదాపు అక్కడే లేచింది. సెమిస్టర్ మొత్తంలో నాకు అంత సంతోషం కలగలేదు, నిజం చెప్తున్నా.

ఫోన్ లేకపోయినా పర్లేదు. 60లో నాలుగో గేర్, అయిదో గేర్ మార్చి చూడండి. ఇంజిన్ సౌండ్ మారుతుంది. ఈల స్థాయి మారకపోతే అది ఇంజిన్ కాదు, చక్రాలతో పాటు తిరిగేదే ఏదో. తర్వాత న్యూట్రల్ చేయండి (ఇంజిన్ ఆపకండి, ఆపితే బ్రేకు, స్టీరింగు బరువెక్కుతాయి). ఇక టైర్లు. అరిగిన టైరు కూడా అచ్చం ఇలాగే ఏడుస్తుంది, దాని వల్లే చాలామంది మంచి క్రౌన్లు విప్పించుకుంటారు. తేడా ఏంటంటే టైరు గోల రోడ్డుని బట్టి మారుతుంది. తారు మీద ఒకలా, సిమెంటు మీద ఇంకోలా. మీ కాలు యాక్సిలరేటర్ మీద ఏం చేస్తోందన్నది దానికి పట్టదు. వీల్ బేరింగ్ అయితే ఈల కాదు, గుర్రుమంటుంది. కుడికో ఎడమకో వంపు తిరిగినప్పుడు బరువు పడి పెరుగుతుంది. మూల తిరిగేటప్పుడు మాత్రమే సౌండ్ వస్తే ఆ సర్దుబాటు చేసే చిన్న గేర్లని అనుమానించాలి.

అసలు పరీక్ష కాలితో. వేగం 60 దగ్గర పెట్టి మూడు రకాలుగా నడపాలి. తొక్కి లాగించడం, బండి లాగకుండా ఆగకుండా కాలు తేలిగ్గా ఉంచడం, పూర్తిగా కాలు తీసి గేర్‌లోనే వదిలేయడం. పంటికి రెండు వైపులుంటాయి. తొక్కినప్పుడు ఒక వైపు మీద బరువు పడుతుంది, వదిలినప్పుడు రెండో వైపు మీద. తొక్కినప్పుడే ఈల వస్తే లాగే వైపు పళ్ళు సరిగా కూర్చోవట్లేదని. అన్నింట్లోనూ ఒకేలా ఉంటే బేరింగుల వైపు చూడాలి. మా బండి తొక్కితే కొంచెం ఏడ్చింది, తేలిగ్గా పెడితే దాదాపు ఊరుకుంది, కాలు తీయగానే గట్టిగా ఊళ పెట్టింది. కాలు తీసినప్పుడు పెరిగితే మొదటి అనుమానం పినియన్ వదులైందని. వదులైన పినియన్ బరువు మారినప్పుడల్లా ముందుకీ వెనక్కీ కదులుతుంది, పళ్ళు కలిసే చోటు తప్పుతుంది.

ఇంత చేశాక నేను మొదట్లోనే అడగాల్సిన ప్రశ్న అడిగా.

"చిన్నాయనా, ఈ మధ్య వెనక ఏమన్న పని చేయించినవా?"

"రెండు నెలల కింద ముందల సీల్ కారుతుంటే మార్పిచ్చిన. గప్పటి సందే ఈ లొల్లి."

పినియన్ సీల్ మార్చాలంటే పినియన్ నట్టు విప్పాలి. ఆ నట్టు మామూలు నట్టు కాదు. చాలా బళ్ళల్లో రెండు బేరింగుల మధ్య క్రష్ స్లీవ్ అని పల్చటి గొట్టం ఉంటుంది. నట్టు బిగిస్తుంటే అది నలిగి, బేరింగుల మీద ఎంత ఒత్తిడి ఉండాలో నిర్ణయిస్తుంది. ఎక్కువ బిగిస్తే స్లీవ్ ఇంకా నలిగిపోతుంది, వెనక్కి విప్పినా మళ్ళీ సాగదు, బేరింగులు వేడెక్కుతాయి. తక్కువ బిగిస్తే పినియన్ ఊగుతుంది. ఎవరు చేశారో, ఎందుకలా చేశారో నాకు తెలీదు గానీ గన్‌తో అంచనాగా బిగించే పని కాదది.

ఇంటికొచ్చి ముందు చక్రాలకి రాళ్ళు పెట్టి, వెనక ఇరుసుని స్టాండ్ల మీద ఎక్కించాం. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పినియన్ ఫ్లాంజ్‌ని పట్టుకుని పైకీ కిందకీ ఊపితే చేతికే తెలిసింది, టక్ టక్. అక్కడ చుట్టూ తిరగడంలో కొంచెం సందు ఉండొచ్చు, పైకీ కిందకీ మాత్రం అసలు ఉండకూడదు.

తర్వాత ఆయిల్. ఎప్పుడైనా సరే పైన నింపే బిరడా విప్పాకే కింద వదిలే బిరడా విప్పండి. మొత్తం వదిలేశాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. ఆయిల్ నింపే రంధ్రం అంచు దాకా ఉండాలి, మాది వేలికి అందలేదు. ఈ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, రుద్దుకుంటూ జారతాయి. హైపాయిడ్ అంటారు, 1920ల్లో ప్యాకార్డ్ కార్లలో వచ్చిన పద్ధతి. అందుకే వీటికి గంధకం కలిపిన జీఎల్-5 రకం ఆయిల్ కావాలి, ఆ ముక్కు మూసుకునే వాసన దానిదే. ఆయిల్ తక్కువై బేరింగ్ పట్టేస్తే నడుస్తున్న బండి వెనక చక్రాలు బిగుసుకుపోవచ్చు. తెల్లవారుజామున ఆరాంఘర్ దగ్గర, వెనక లారీ ఉండగా. అది తలుచుకుని చిన్నాయన ఆ రోజు పూలు పక్కింటి ఆటోలో పంపాడు.

కింది బిరడా అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంది. అది ఉండేదే. రేకులు, ముక్కలు ఉంటే పళ్ళు విరుగుతున్నట్టు. అవి లేవు. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరినట్టు, అదీ లేదు.

ఆటోనగర్‌లో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్ళి "క్రౌన్ పోయింది" అనలేదు. "సీల్ మార్చాక మొదలైంది, కాలు తీస్తే పెరుగుతోంది, ఫ్లాంజ్ ఊగుతోంది, ఆయిల్‌లో ముక్కల్లేవు" అని చెప్పాం. ఆయన మావైపు చూసి కుర్చీ లాగి వేశాడు. విప్పి, పళ్ళకి రంగు పేస్టు రాసి తిప్పి, అచ్చు పడిన చోటు చూపించాడు. పళ్ళు బాగానే ఉన్నాయి. క్రౌన్, పినియన్ జతగా తయారవుతాయి, ఒకటి పోతే రెండూ మార్చాల్సిందే, కాబట్టి ఆ మాట వినగానే చిన్నాయన ముఖం చూడాలి. పినియన్ బేరింగులు రెండు, కొత్త స్లీవ్, సీల్, నట్టు, ఆయిల్. గాలి బయటికి పోయే బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే దాన్నీ శుభ్రం చేశాడు. మొదట సీల్ కారడానికి కారణం అదే కావచ్చన్నాడు. ఖర్చు షెడ్డులో చెప్పినదాంట్లో నాలుగో వంతు దాటలేదు.

ఎంగిలిపూల నాటికి బండి మళ్ళీ గుడిమల్కాపూర్ బాట పట్టింది. 70లో కాలు తీస్తే ఇప్పటికీ సన్నగా ఏదో వినిపిస్తుంది, రెండు నెలలు తప్పు చోట రుద్దుకున్న పళ్ళు కదా. చిన్నాయన సన్ వైజర్‌కి చీటీ అంటించాడు, కిలోమీటర్ రీడింగ్ రాసి. వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ చూడాలట, సంక్రాంతికి నేనొచ్చాక బిరడా నాతోనే విప్పిస్తాడట.