వ్యోమనౌకల సంత

1997వ సంవత్సరమున అమెరికాలోని ఆరిజిన్ సంస్థవారు 'అల్టిమా ఆన్‌లైన్' అను క్రీడాలోకమును నిర్మించినప్పుడు, ప్రకృతిలో పదార్థమునకు రూపాంతరమే గాని వినాశము లేదను సిద్ధాంతమును తమ లోకమునకును వర్తింపజేయదలచి, అందలి సమస్త ద్రవ్యరాశికి ఒక పరిమితిని విధించి, ఒకచోట వస్తువు నశించినచో ఆ ద్రవ్యమే మఱియొకచోట మరల పుట్టునట్లు ఏర్పాటుచేసిరి. ఆలోచన మనోహరమైనదే. కాని ఆటలోనికి వచ్చిన మనుష్యులు వస్తువులను నశింపనీయలేదు. పనితనము పెంపొందించుకొనుటకై కుట్టిన చొక్కాలను, కొట్టిన కత్తులను, దొరకిన ప్రతి వస్తువును పెట్టెలలో పేర్చి దాచుకొనిరి. పదార్థమంతయు ఆ పెట్టెలలో చిక్కుకొనుటచే కొత్త ద్రవ్యము పుట్టుట మందగించెను. కడపట నిర్మాతలు తమ సిద్ధాంతమును విడనాడి, సరకు ఒకవైపున నిరంతరము పుట్టుచు వేఱొకవైపున హరించుచుండు పద్ధతిని అవలంబింపవలసివచ్చెను. పాతవస్తువు పోవు దారిని ముందుగా ఆలోచింపక కొత్తవస్తువు వచ్చు దారిని మాత్రము కట్టరాదని ఆన్‌లైన్ క్రీడల నిర్మాతలు మొదట నేర్చినది అక్కడనే.

1999లో వెలువడిన 'ఎవర్‌క్వెస్ట్' నిర్మాతలు తొలుత అంగడియే కట్టలేదు. వారు కట్టకపోయినను, తూర్పు కామన్‌లాండ్స్ అను ప్రాంతమునందలి ఒక సొరంగమున ఆటగాండ్రు తమంతట తామే గుమిగూడి, సరకుల పేర్లను వెలలను చాటుచు సంత నడపిరి. అప్పట్లో కాలిఫోర్నియాలో అర్థశాస్త్రాచార్యుడుగా ఉండిన ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా, ఆ ఆటసొమ్ము బయటి వేలములలో డాలర్లకు అమ్ముడగుచుండుట గమనించి 2001లో లెక్కగట్టగా, ఆటగాని గంటశ్రమ 3.42 డాలర్లకు సమానమనియు, నారత్ అను ఆ కల్పితలోకపు తలసరి ఉత్పత్తి రష్యా బల్గేరియాల నడుమ నిలుచుననియు తేలెను. వెల వస్తువునందు లేదనియు, దానిని సంపాదించుటకు పట్టిన కాలమునందును, దానికై ఇంకొకడు పడు ఆరాటమునందును కలదనియు ఇంత సూటిగా చూపిన గణన అరుదు.

అయినను ఆటలోని అంగడియను ఈ యంత్రము పరిపూర్ణరూపము దాల్చినది ఐస్లాండు దేశమున. రేక్యవిక్ నగరమందలి సి.సి.పి. సంస్థవారు 2003 మే నెలలో విడుదల చేసిన 'ఈవ్ ఆన్‌లైన్' అను ఆటయందు వేలకొలది నక్షత్రమండలములు కలవు. ఇతర ఆటలు జనము పెరిగినకొలది లోకమునకు నకళ్లు తీసి వేఱువేఱు సర్వరులలో పంచిపెట్టగా, ఇచట చైనాను మినహాయించి ప్రపంచమునందలి ఆటగాండ్రందఱును ఒకే విశ్వమున సంచరింతురు. గ్రహశకలములను లేసర్లతో తొలిచి ముడిఖనిజము తెచ్చువాడొకడు; దానిని శుద్ధిచేసి ట్రిటానియము, మెగాసైటు మొదలగు లోహములుగా మార్చువాడొకడు; బ్లూప్రింటు చేతబట్టుకొని నౌకను కట్టువాడొకడు; దానిని కొనిపోయి యుద్ధమున పోగొట్టుకొనువాడు మఱియొకడు. దాదాపు ప్రతి నౌకయు, ప్రతి ఫిరంగియు ఎవరో ఒక ఆటగాడు చేసినదే.

అంగడి నడచు తీరు మన షేరుబజారును పోలియుండును. అమ్మదలచినవాడు వెలను, పరిమాణమును నమోదు చేయును. కొనదలచినవాడును అట్లే చేయును. రెండును కలిసినచోట బేరము కుదురును. కాని కొన్న సరకు ఎచట కొనబడినదో ఆ స్టేషనులోనే యుండును. దానిని కావలసినచోటికి తరలించుకొనవలసిన భారము కొన్నవానిదే. ఈ ఒక్క నియమము వలన దూరమునకు ధర ఏర్పడి, ఒకే వస్తువు ఒకచోట చవుకగను వేఱొకచోట ప్రియముగను ఉండి, రవాణా వర్తకము పుట్టినది. తొలిదినములలో రాజమార్గములన్నియు కలియు యూలై అను చోట పెద్ద సంత నెలకొనెను. నిర్మాతలు ఆ మార్గములను తొలగింపగా వర్తకులు జితా అను మండలమునకు తరలిపోయిరి. జితాను కూడలిగా నిర్ణయించిన అధికారి ఎవడును లేడు. కొనువారున్నచోటికి అమ్మువారును, అమ్మువారున్నచోటికి కొనువారును చేరుటచే అది తనంతట తాను మహానగరమైనది.

జితా దారులలో దొంగలును కలరు. ఆ ప్రాంతమున దాడి చేసినవాని నౌకను కాంకర్డ్ అను రక్షకదళము తప్పక ధ్వంసము చేయునని తెలిసియు, సరకునౌకలోని పదార్థపు వెల తమ నౌకల వెలకు మించినచో వారు వెనుదీయరు. కనుక వివేకియైన రవాణాదారుడు ఎంత సరకు ఎక్కించినచో దోపిడి గిట్టుబాటు కాదో లెక్కవేసికొని బయలుదేరును. దండనకును లాభమునకును గల సంబంధమును నేరశాస్త్ర గ్రంథములకంటె ఈ దారులే తేటగా బోధించుచున్నవని నా అభిప్రాయము.

ఇక నాణెము సంగతి. ఇస్కు అను ఆ ద్రవ్యము ఇద్దఱాటగాండ్ర బేరమున పుట్టదు; చేతులు మాత్రము మారును. యంత్రము నడపు శత్రువులను కూల్చినందుకు లభించు బహుమానములవలన పుట్టును. పన్నులు, అంగడి రుసుములు మొదలగువాని వలన నశించును. చెఱువునకు వాగులెన్ని యున్నను తూములు సరిగా పారనిచో గట్టు తెగునట్లు, పుట్టిన ద్రవ్యమునకు తగినంత హరణము లేనిచో ధరలు పెరుగును. ఈ సమతూకమును కనిపెట్టుటకై సి.సి.పి. వారు 2007లో ఎయోల్ఫుర్ గుడ్‌మండ్‌సన్ అను ఆర్థికవేత్తను నియమించిరి. ఆయన తరువాత అకురేరి విశ్వవిద్యాలయమునకు అధిపతియయ్యెను.

2008లో ప్రవేశపెట్టిన ప్లెక్స్ అను పత్రము మఱింత విచిత్రమైనది. 2017 వరకు ముప్పది దినముల ఆటకాలమునకు సమానమైయుండిన ఆ పత్రమును ధనము కలవాడు డాలర్లిచ్చి కొని, ఆటలో ఇస్కునకు అమ్మును. తీరిక కలవాడు ఇస్కు సంపాదించి దానిని కొని, చందా కట్టకుండ ఆడుకొనును. 2010లో కెస్ట్రెల్ అను చిన్ననౌకలో 74 ప్లెక్సులు ఎక్కించుకొని పోవుచున్న ఒకనిని శత్రువులు కూల్చగా, ఆరేండ్లకు పైబడిన ఆటకాలము, సుమారు 1,300 డాలర్ల విలువ, ఒక్కసారిగా మటుమాయమయ్యెను.

వినాశమనగా 2014 జనవరి 27వ తేదీని చెప్పుకొనవలెను. ఈవ్ ఆటగాండ్ర కూటమి యొకటి తన అధీనమందలి 'బి-ఆర్ 5 ఆర్‌బి' అను మండలమునకు కట్టవలసిన రుసుము సమయమునకు చెల్లలేదు. ఆధిపత్యము సడలినదని తెలిసినతోడనే శత్రువులు పైబడిరి. 7,500 మందికి పైగా పాల్గొన్న ఆ పోరు సుమారు 21 గంటలు సాగెను. సర్వరు తట్టుకొనుటకై కాలగమనమే పదియవవంతునకు తగ్గింపబడెను. నెలలకొలది శ్రమతో కట్టిన టైటన్ మహానౌకలు 75 నేలకొఱిగెను. నష్టమును 3 లక్షల డాలర్లకు పైగా అంచనా కట్టిరి. పైకి ఇది ఘోరముగా తోచును. కాని గనివానికి పని, కర్మాగారమునకు గిరాకి, రవాణాదారునకు బాడుగ కల్పించునది ఈ వినాశమే. ఆ నౌకలు చెక్కుచెదరక యుండినచో జితా సంత అల్టిమాలోని పెట్టెలవలె బిగుసుకొనిపోయెడిది.

వినాశము లేనిచో ఏమగునో 'డయాబ్లో 3' అను ఆట చూపినది. 2012లో అందు నిజమైన ధనముతో వేలములు తెఱచిరి. వస్తువులు ఒకరినుండి ఒకరికి చేరుచుండెనే గాని తఱుగకుండెను. రాక్షసుని జయించి ఆయుధము సంపాదించుటకంటె కొనుట సులభమగుటచే ఆటకే ప్రయోజనము లోపించెను. 2014 మార్చి 18న నిర్మాతలే ఆ వేలములను మూసివేసిరి.

ఈవ్ లోకము నిష్కళంకమని నేను చెప్పను. 2009లో ఆటగాండ్రే నడపిన ఈబ్యాంక్ అను బ్యాంకు అధిపతి సుమారు 20,000 కోట్ల ఇస్కును హరించి నిజమైన ధనమునకు అమ్ముకొనగా, డిపాజిటుదారులు తమ సొమ్ముకై ఎగబడిరి. నిర్మాతలు అతనిని బహిష్కరించినది దొంగతనమునకు కాదు, బయట అమ్మినందుకు. ఆటలోపలి మోసము ఆ లోకపు నియమములకు విరుద్ధము కాదు.

సి.సి.పి. వారు ఆర్థిక నివేదికలను నెలనెల ప్రకటించుచు, ఏ ప్రాంతమున ఎంత ఖనిజము త్రవ్విరో, ఎంత ఉత్పత్తి చేసిరో, ఎంత ధ్వంసమైనదో, ఎంత ద్రవ్యము పుట్టి ఎంత హరించినదో అంకెలతో చూపుచు వచ్చిరి. దేశముల విషయమున అంచనాలతో సరిపెట్టుకొనవలసిన సంగతులు ఇచట ప్రతి బేరముతో సహా సర్వరునందు నమోదై యుండును. మన విశ్వవిద్యాలయములలో అర్థశాస్త్రము చదువు విద్యార్థులు ద్రవ్యోల్బణపు అధ్యాయమునకు వచ్చినప్పుడు, ఆటయని త్రోసివేయక, ఆ నివేదికలను పాఠ్యగ్రంథము ప్రక్కన ఉంచుకొని చదువవలెనని నా విన్నపము.