పెద్దమనుషుల మాట

మంచిపేరు సంపాదించుట యొక యెత్తు, నిలుపుకొనుట యొక యెత్తు. మాట నిలుపుటవలన లాభము కలుగుచున్నంతకాలము ఎల్లరును సత్యసంధులే. మాట తప్పినచో లాభము వచ్చునని తెలిసియు తప్పనివానికే పేరు నిలుచును. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల భూస్వాములును పట్టణవాసులును ఈ విషయము నిపుడు ప్రత్యేకముగా యోచింపవలసియున్నదని మేము తలంచుచున్నాము.

ఈ ప్రాంతము 1978లో నేర్పడిన రంగారెడ్డి జిల్లాలో 2016 వరకు నుండెను. ఆ జిల్లాకు పెట్టిన పేరు కొండా వెంకట రంగారెడ్డిగారిది. వారు న్యాయవాదులు, 1936లో షాద్‌నగరమున జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినవారు. తెలంగాణమును ఆంధ్రరాష్ట్రముతో కలుపుటకు వారు తొలుత సుముఖులు కారు. అయినను 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకు లెనమండుగురు కుదుర్చుకొనిన యొడంబడికపై వారును చేవ్రాలు చేసిరి. దానికి ‘పెద్దమనుషుల ఒప్పందము’ అని పేరు. పెద్దమనుషుల పరువే దానికి పూచీ.

ముఖ్యమంత్రి యొక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందు కలదు. తెలంగాణములోని సేద్యపు భూముల విక్రయము ప్రాంతీయ మండలి యదుపులో నుండవలెననియు కలదు. కాని యా నవంబరు 1న నేర్పడిన తొలి మంత్రివర్గములో ఉపముఖ్యమంత్రియే లేడు. ముఖ్యమంత్రియైన నీలం సంజీవరెడ్డిగారు ఆ చేవ్రాలు చేసినవారిలో నొకరు. తరువాత నా పదవి రంగారెడ్డిగారికి లభించినను పోయిన నమ్మకము తిరిగి రాలేదు. ఇచ్చిన రక్షణలు అమలు కాలేదన్న యాగ్రహమే 1969 నాటి యుద్యమమునకు ముఖ్యకారణమయ్యెను.

రాష్ట్రమునకు వర్తించిన నీతియే పొలముగట్టునకును వర్తించును. తెలంగాణపు పల్లెలలో పేదరైతులు రొక్కమిచ్చి, తెల్లకాగితముపై వ్రాయించుకొని పొలములు కొనుచుండిరి. దానినే సాదా బైనామా యందురు. నూరు రూపాయలు మొదలు ఆపై విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు కావలెనని చట్టము చెప్పుచున్నను, అమ్మినవాని మాటను నమ్మియే వారు దున్నుకొనుచుండిరి. ఇట్టివానిని క్రమపరచుటకై 2020లో ప్రభుత్వము దరఖాస్తులు స్వీకరింపవలసి వచ్చినదనిన, ఆ మాటపై నెందరు బ్రతుకుచున్నారో యూహింపవచ్చును.

నగరము పెరిగినది. ఔటర్ రింగురోడ్డు మేడ్చల్, శామీర్‌పేటల ప్రక్కగా పోవుటతో గుంటలలో లెక్కించు భూమి గజముల లెక్కకు వచ్చినది. ఇట్టి వేళ తండ్రి యమ్మిన పొలమును చూపి, ‘రిజిస్ట్రీ యేది?’ యని కుమారు డడుగవచ్చును. న్యాయస్థానమున నతడు గెలువనువచ్చును. కాని తండ్రి తనకు విడిచిన యాస్తిలో భూమి మాత్రమే కాక పేరును గలదని యతడు మరచుచున్నాడు. రేపు వాని యింటికి సంబంధమునకు వచ్చువారును, వాని పూచీపై అప్పిచ్చువారును మొదట విచారించునది ఆ పేరునే.

కావున తండ్రితాతల చేవ్రాళ్లు గల యట్టి కాగితము లెచ్చటనున్నను, కొనినవాడు వచ్చి గడపలో నిలువకమునుపే వానిని పిలిచి, చట్టప్రకారము వ్రాసియిచ్చుట భూస్వాములకు కర్తవ్యము. మనవి చేయదగిన దింతకంటె లేదు.