సెక్టర్ ఆరుకు దారేది?

రండర్రా, ఇలా వరండాలో కూర్చోండి. అమ్మలూ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. అందులోని సంగతే చెప్తాను.

మన భిలాయ్ టౌన్‌షిప్‌లో పోస్ట్‌మ్యాన్ కవరు మీద ముందేం చూస్తాడు? సెక్టరు. తర్వాత స్ట్రీటు, ఆపైన క్వార్టరు నంబరు. ఇంట్లో ఎవరున్నారన్నది ఆఖరి మాట. వెబ్‌సైటు అడ్రసూ అంతేరా. సైటు పేరు అయ్యాక /సెక్టర్/6/స్ట్రీట్/12 అని ఏటవాలు గీతలతో వస్తుందే, అదీ దారి. ఏ దారిన వచ్చినవాడికి ఏ పేజీ చూపించాలో ప్రోగ్రాం తేల్చుకోవాలి. ఇంటింటికీ ఒక వరుస రాస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకని అన్నిటికీ కలిపి ఒక్క నమూనా రాస్తారు. దాని పేరు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, ముద్దుగా రెజెక్స్. సెక్టరు పేజీల వరకైతే ఇదిగో ఇలా:

^/సెక్టర్/[0-9]+$

మొదట్లో ఉన్న టోపీ 'ఇక్కడే మొదలు' అంటుంది, చివరి డాలరు 'ఇక్కడితో సరి' అంటుంది. బ్రాకెట్లలోది 0 నుంచి 9 దాకా ఏదో ఒక అంకె. పక్కన ప్లస్ ఉంది కాబట్టి అలాంటివి ఒకటైనా ఉండాలి, ఎన్నైనా ఉండొచ్చు.

ఇక అసలు తమాషా. సెక్టర్ 1 నుంచి 10 దాకా చాలు కదా అని [1-10] అని రాసేస్తారు కొందరు. రెజెక్స్‌కి లెక్కలు రావర్రా! పది అనే సంఖ్య దానికి తెలీదు, ఒక్కో గుర్తునే చూస్తుంది. '1 నుంచి 1 దాకా, ఇంకా ఒక 0' అని చదువుకుంటుంది. దాంతో సెక్టర్ 6 వాళ్లు గుమ్మం బయటే. పెద్దాసుపత్రి ఉన్న సెక్టర్ 9కీ అదే గతి. ఎక్కడా లేని సెక్టర్ 0కి మాత్రం రాజమర్యాద! ([1-9]|10) అని రాయాలి. నిలువు గీత అంటే 'లేదా'. చివర డాలరు మరిచారా, 60 అని కొట్టినా ముందున్న 6 చూసి సరేననేస్తుంది.

నక్షత్రం గుర్తు కూడా ఉంది. 'అసలు లేకపోయినా సరే, ఎన్నున్నా సరే' అని దానర్థం. అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లేనీ పేరు దానికి అంటుకుపోయింది. నాడీకణాల అల్లిక ఏయే సంకేతాలను పసిగట్టగలదా అని 1951లో ఆలోచించాడాయన. ఈ నమూనాల ఆలోచన ఉన్న ఆయన వ్యాసం 1956లో అచ్చయింది. మన భిలాయ్ ఉక్కు కార్ఖానాకి రష్యా వాళ్లతో ఒప్పందం కుదిరింది దానికి ముందు ఏడాదే! 1968లో కెన్ థాంప్సన్ ఆ నమూనాలతో కంప్యూటరు చేత అక్షరాలు వెతికించే ఉపాయం ప్రచురించాడు. మెదడు గురించి మొదలైన ఆలోచన వచ్చి వచ్చి అడ్రసులు వెతికే పనిలో చేరింది. తలుచుకుంటేనే నాకు భలే సరదా.

మీరూ ఒక నమూనా రాయండి. రాశాక 0, 6, 10, 60 నాలుగూ ఇచ్చి చూడండి. 6, 10 లోపలికి రావాలి, మిగతా రెండూ బయటే ఉండాలి.