అక్క సంతకం

అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్లకు మధ్య ప్రేమ యాడ తెగుతాదంటే రిజిస్ట్రారు ఆఫీసు ముందర డాక్యుమెంటు రైటరు బల్ల కాడ తెగుతాదని నేను శానా మందితో అంటుంటా. నవ్వుతారు. ఇంటికి పొయ్యి ఆలోచిస్తారు కాబోలు, రెండు దినాలకు ఫోన్ చేస్తారు.

మొదట్లో ఆ ప్రేమ గట్టిగానే ఉంటాది. మన కుందుర్పి పల్లెల్లో అమ్మానాయనలు చెనిక్కాయ చేన్లో కలుపు తీసేకి పోతే, చిన్నోన్ని సంకనేసుకొని తిరిగేది అక్కే. వానికి ముద్ద పెట్టేది, ముక్కు తుడిసేది ఆ పిల్లే. ఇంట్లో ఒకరు బడి మానాల్సొస్తే మానేదీ ఆ పిల్లే. ఆ బాకీ ఏ కాగితం మీదా ఉండదు.

పెండ్లయితానే అక్క సుట్టమైపోతాది. కళ్యాణదుర్గం తట్టుకో, సరిహద్దు దాటి పావగడ తట్టుకో పోతాది. ఉగాదికో, జాతరకో పిలిస్తే వస్తాది. పుట్టినింట్లో చెంబెడు నీళ్ళు కూడా వదినెను అడిగి తాగుతాది. ఇక్కడ వదినెను తిట్టేది సులువు, టీవీ సీరియళ్ళన్నీ ఆ పనే చేస్తాండాయి. వదినె కూడా ఇంకో ఇంట్లో సుట్టమైపోయిన చెల్లెలే కదా.

అయినా మన సీమలో ఈ బంధాన్ని మేనమామ అనే తాడు కట్టి పెట్టింది. పుట్టెంటికలు తీసినా, చెవులు కుట్టినా ఆయన ఒళ్ళోనే. అక్క కూతుర్ని తమ్ముడే చేసుకునే ఆచారమూ ఉండాది. అప్పుడు అక్క అత్త అయితాది. దగ్గరి రక్తంలో పెండ్లిండ్లు బిడ్డలకు జబ్బుల భయం పెంచుతాయి కాబట్టి, అవి తగ్గితే మంచిదే. కానీ ఆడబిడ్డకు భూమి లేని కాలంలో, ఆమె కూతురన్నా ఆ భూమికి తిరిగొచ్చేకి ఉన్న దారి అదొక్కటేనని నా లెక్క.

రెండో దారి చట్టం తెరిచింది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాయన సొంతంగా సంపాదించిన ఆస్తిలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికీ కొడుకుతో సమాన భాగముండాది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం మగపిల్లోళ్ళకే. మన పల్లెల్లో ఉండేదంతా శానావరకు తాతల భూమే. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం మార్చి, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేటట్ల, కూతురికీ ఆ హక్కిచ్చింది. ఆ తేదీకి ముందే పెండ్లయినోళ్ళకు లేదనింది. పక్కనున్న కర్ణాటకలో ఇది 1994లో గానీ రాలేదు. 1962లో 'రక్తసంబంధం' సినిమాలో సావిత్రికి అన్నగా రామారావు ఏడిస్తే జనమంతా ఏడిచినారు. ముఖ్యమంత్రిగా చెల్లెండ్లకు చేసిన ఈ పని మాత్రం ఎంతమందికి గుర్తుండాది?

2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా కూతురికి ఈ హక్కు వచ్చింది, పెండ్లయిందా లేదా అనే తేడా పోయింది. ఆ తేదీకి నాయన బతికుండాల్సిన పనిలేదని, హక్కు పుట్టుకతోనే వస్తాదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే చట్టప్రకారం ముగిసిపోయిన పంపకాలను తిరగదోడేకి మాత్రం లేదు. ఇంకో మాట. ముస్లిం కుటుంబాల్లో కూతురి భాగం కొడుకు భాగంలో సగం. సుగాలి, ఎరుకల వంటి గిరిజనులకు ఈ హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు.

ఇంక తమ్ముని మాట. "నాయన వేసిన బోర్లు మూడు ఎండిపాయె. అప్పు నేను కట్టినా. ముసిలోళ్ళను నేను చూసినా. ఇప్పుడు అక్క భాగమడిగితే ఎట్ల?" నేను ఈ మాటను కొట్టేయను. కరువు నేలలో భూమి అంటే సగం అప్పే. అయితే నాయన అప్పు నాయన ఆస్తి మీదుంటాది. భాగం తీసుకునేవాళ్ళు ఆ మేరకు అప్పు కూడా పంచుకోవల్ల. కొడుకుగా పుట్టినందుకే నాయన అప్పు తీర్చాలనే పాత ధర్మాన్ని, కొత్త అప్పుల వరకు, 2005 సవరణ తీసేసింది. కాబట్టి అప్పు చీటీలు, కట్టిన రసీదులు అక్క ముందర పెట్టి లెక్క చేయండి. లెక్క చూపించకుండా సంతకం అడిగేది నాకు నచ్చదు.

"కట్నమిచ్చినాం కదా" అనేది వేరే. ఆ డబ్బు పోయింది అల్లుని ఇంటికి. కట్నమే 1961 నుంచి నేరం, దాన్ని భాగంలో కోసేకి చట్టంలో చోటు లేదు. ఇంక "బయటోనికి అమ్మేస్తాది" అనే భయం. వారసత్వంగా వచ్చిన భాగాన్ని అమ్మదలిస్తే కొనేకి మొదటి హక్కు తోటి వారసులకే అని అదే చట్టం 22వ సెక్షన్ చెప్తాది. అది సేద్యం భూమికీ వర్తిస్తాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

అక్కలు ఏంటికి అడగరో తెలుసా? మొగుడు పోయిన దినం పుట్టింటి చీర తెచ్చేది అన్నో, తమ్ముడో. భాగమడిగితే ఆ చీర రాదని భయం. ఒక చీర కోసం, చివరి దినాల్లో తలుపు తీసే ఒక మనిషి కోసం ఎకరాలు వదులుకుంటాండారు. దీన్ని ప్రేమ అంటాండాం మనం. ప్రేమ కొంత ఉండాది, లేదనను.

నాకు తెలిసిన ఒకింట్లో అప్పుతో సహా మూడు భాగాలు చేసినారు. అక్క భాగం ఆమె పేరు మీదే ఉండాది, తమ్ముడు గుత్తకు చేస్తాండాడు. వాన రాని ఏడు గుత్త అడగదు. పండిన ఏడు డబ్బుతో పాటు రెండు మూటల చెనిక్కాయలు పోతాయి. మొదటి రెండేండ్లు మాటల్లేవు, ఇప్పుడు ఉండాయి.

పెండ్లికాని చెల్లెండ్లు, పెండ్లయిన అక్కలు ఇవి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో కూర్చోబెట్టి బాండు పేపరు మీద వేయించుకున్న వేలిముద్రతో భూమి హక్కు పోదు. వదులుకునే పత్రం రిజిస్టరు కావల్ల. రిజిస్టరయినాక వెనక్కి తెచ్చుకునేది మాత్రం శానా కష్టం, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. పాసుబుక్కులో అన్న పేరొక్కటే ఎక్కినంత మాత్రాన మీ హక్కు చావదు. నాయన పోయినాక తీసే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లో ఆడపిల్లల పేర్లు ఉండాయో లేవో తమ్ముళ్ళే చూడండి. లాయరు ఖర్చుకు భయపడేవాళ్ళుంటే, ఆడోళ్ళకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవల సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.