నీళ్లు చేయలేని వేర్పాటు

యానాం మెట్టకూరు దాటి గోదావరి పాయ గౌతమి వెంట దిగువకు పోతే సముద్రం వస్తుంది. ఆ తీరాన అలలు వెనక్కు తగ్గినచోట ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల ఖొండలైట్ శిలలు, దక్కన్ బసాల్ట్ రాళ్లు అరిగి, గోదావరి వరదల్లో కొట్టుకొచ్చి చేరిన బరువైన ఖనిజాలవి. ఇల్మనైట్, మాగ్నెటైట్, గార్నెట్, జిర్కాన్, రూటైల్, మోనజైట్ అన్నీ ఆ నలుపులో కలిసే ఉంటాయి.

మామూలు ఇసుక సాంద్రత నీటికి 2.65 రెట్లు. ఇల్మనైట్‌ది సుమారు 4.7. ఈ తేడా ఉంది కాబట్టే నీటిధారలో తేలిక ఇసుక కొట్టుకుపోయి బరువైనది మిగులుతుంది. కానీ జిర్కాన్ సాంద్రత కూడా దాదాపు 4.7. బరువులో తేడా లేనివాటిని నీళ్లు విడదీయలేవు. అక్కడినుంచి పని కరెంటుది, అయస్కాంతానిది.

ముందు ఇసుకను బాగా ఆరబెట్టి వేడిచేస్తారు. రేణువు మీద సన్నటి తేమపొర ఉన్నా దానిగుండా కరెంటు పారి లెక్క తప్పుతుంది. వేడి ఇసుకను ఎర్త్ చేసిన, తిరుగుతున్న ఇనుప డ్రమ్ము మీద పలుచగా పోస్తారు. పక్కనున్న తీగకు వేల వోల్టుల కరెంటు ఇచ్చి రేణువులన్నిటికీ విద్యుదావేశం పట్టిస్తారు. ఇల్మనైట్, రూటైల్ ఆ ఆవేశాన్ని వెంటనే డ్రమ్ముకు వదిలేసి, తిరిగే వేగానికి ముందుకు ఎగిరి పడతాయి. జిర్కాన్, గార్నెట్, మోనజైట్ దాన్ని వదలలేక డ్రమ్మునే అంటుకుంటాయి. వాటిని వెనకనున్న బ్రష్ రాల్చాలి.

తరవాత అయస్కాంతం. మొదటి గుంపులో అది ఇల్మనైట్‌ను లాగుతుంది, రూటైల్ మిగులుతుంది. రెండో గుంపులో గార్నెట్‌ను, మోనజైట్‌ను లాగి జిర్కాన్‌ను వదిలేస్తుంది. ఇందుకు వాడే బలమైన అయస్కాంతాల్లో నియోడిమియం ఉంటుంది. ఆ లోహం దొరికే ఖనిజాల్లో మోనజైట్ ఒకటి. ఒడిశా గంజాం జిల్లా ఛత్రపురంలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ కర్మాగారంలో తీర ఇసుకను ఇలాగే వేరుచేస్తున్నారు.

నీళ్లు వాడని ఈ పొడి పద్ధతి విలువ తీరంతో ఆగదు. 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యోలో ఇనుప గని వ్యర్థాల బురదను నిలవచేసిన కట్ట తెగి సుమారు 270 మంది చనిపోయారు. నీళ్లు వాడకుండా ఖనిజాన్ని వేరుచేస్తే అలాంటి బురద చెరువు అవసరమే ఉండదు. నీటి కరువున్న మెట్ట ప్రాంతాలకూ ఇది మేలు.

అయితే ఇందులో దుమ్ము లేస్తుంది. మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం ఉంది కాబట్టి ఆ దుమ్ము కార్మికుల ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. యంత్రాలకు గట్టి మూతలు, దుమ్ము పీల్చే గొట్టాలు, క్రమం తప్పని రేడియేషన్ పరీక్షలు లేనిచోట ఈ పద్ధతిని అనుమతించకూడదు. నీటిని ఆదా చేశామని కార్మికుడి ఆరోగ్యాన్ని పణం పెట్టే హక్కు ఎవరికీ లేదు.